చందాపురలో కూర్చుని నెదర్లాండ్స్‌లో ఉన్నాననుకున్న రోజులు

ఆ రోజుల్లో నేనెవరికీ కనపడనని నాకు గట్టి నమ్మకం ఉండేది. దేవుడి మీద కూడా అంత నమ్మకం ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, మొహం మీద అక్కడొకటి ఇక్కడొకటి మొలిచిన గడ్డం, మూత నిండా స్టిక్కర్లు అంటించిన లాప్‌టాప్, అందులో అందరిలా విండోస్ కాదు, లినక్స్. లినక్స్ వాడే కుర్రాణ్ణి మీరెప్పుడైనా దగ్గరగా చూసి ఉంటే నేనెలా ఉండేవాణ్ణో వేరే చెప్పక్కర్లేదు. మౌసు పట్టుకుని పనిచేసేవాళ్ళని చూస్తే నాకు జాలి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు టకటకా కొడుతూ, వెనకాల ఎవరైనా నిలబడి ఆశ్చర్యపోతున్నారేమోనని ఓరకంట చూసుకునేవాణ్ణి (ఎవరూ నిలబడేవాళ్ళు కాదు). కంప్యూటర్ల విషయంలో నన్ను మోసం చేయగల మనిషి బెంగళూరులో ఇంకా పుట్టలేదనుకునేవాణ్ణి. ఆ మనిషి పుట్టి అప్పటికి అరవై రెండేళ్ళయిందనీ, నేనుండే గదికి సరిగ్గా కింద కూర్చుని కాఫీ తాగుతున్నాడనీ నాకు తెలియదు.

ఆయన మా చిన్నాయన. సొంత చిన్నాయన కాదు. మా అమ్మకు దూరపు చెల్లెలి వరసయ్యే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి నాకు చిన్నాయన, ఆమె చిన్నమ్మ. హోసూరు రోడ్డు మీద చందాపురలో వాళ్ళకు సొంత ఇల్లుంది. నాకు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర చిన్న కంపెనీలో మొదటి ఉద్యోగం రాగానే, మా అమ్మ హిందూపురం నుంచి ఒక్క ఫోను కొట్టి వాళ్ళ మేడ మీది గది నాకు ఖాయం చేసింది. నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటి గది. ఫోను సిగ్నలు రావాలంటే బయటికొచ్చి ట్యాంకును ఆనుకుని నిలబడాలి. కానీ కింద నుంచి వైఫై మాత్రం నిండుగా వచ్చేది. అదొక్కటీ చాలు, నాలాంటివాడు స్మశానంలోనైనా కాపురం ఉంటాడు. ఒకటే చిక్కు. చిన్నమ్మకు పొద్దున తెలిసిన సంగతి హిందూపురంలో మా అమ్మకు మధ్యాహ్నం భోజనానికి ముందే తెలిసిపోయేది. ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవాళ్ళు. నేను సాంబారు రెండోసారి వడ్డించుకున్నానా లేదా అన్నది కూడా ఆ మాటల్లో ఉండేది.

చిన్నాయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళపాటు మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. ఏ మిషను ఎన్నింటికి ఆగింది, ఎందుకు ఆగింది, ఎవరు సరిచేశారు, అంతా షిఫ్టు రిజిస్టరులో ఎర్రసిరాతో రాయడం ఆయన పని. రిటైరయ్యాక రాయడానికి ఏమీ లేక మనిషి మంచాన పడేలా ఉన్నాడని, సర్జాపుర వైపు అపార్ట్‌మెంటులో ఉండే ఆయన అల్లుడు ఒక ఉపాయం చేశాడు. చిన్నమ్మ ఫోనులో ఎక్కడ నొక్కినా ప్రకటనలు దూకుతున్నాయని, వాటిని ఆపడానికి ఇంటి వైఫైకి ఒక చిన్న డబ్బా తగిలించాడు. ఇంట్లో ఏ ఫోను, ఏ కంప్యూటరు ఏ సైటుకు వెళ్ళాలన్నా ముందు ఆ డబ్బాను అడగాలి. ప్రకటనల వాళ్ళ పేరైతే డబ్బా 'లేదు పో' అంటుంది, మంచి పేరైతే దాని నంబరు చెప్పి పంపిస్తుంది. ఎవరు ఏ పేరు అడిగారో వరసగా ఒక పట్టీ కూడా రాసి పెట్టుకుంటుంది. అల్లుడు ప్రకటనలు ఆపడానికి పెడితే, చిన్నాయన కళ్ళు ఆ పట్టీ మీద పడ్డాయి. ఆయనకు మళ్ళీ ఉద్యోగం దొరికినట్టయింది. రోజూ పొద్దున్నే అద్దాలు పెట్టుకుని, ముందురోజు పట్టీలోంచి ముఖ్యమైన పేర్లు పాత షిఫ్టు రిజిస్టరులోకి ఎక్కించి, కాఫీ తాగుతూ చిన్నమ్మకు చదివి వినిపించేవాడు. చిన్నమ్మ కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి ఆయన ఏది చదివితే అదే వార్త.

ఇందులో దొంగతనమేమీ లేదు. నేను గదిలో దిగిన రోజే డబ్బా చూపించి చెప్పాడు.

"ఇదిగో అప్పా, ఎవురు యాడికి పోతా ఉండారో అంతా ఈడ పడతాది. నీ లాప్‌టాపుకు 'పైరూము' అని పేరు పెట్టినా. మనసులో పెట్టుకోవద్దు, లైను నాది కదా, పూచీ నాదే."

నేను లోపల నవ్వుకున్నాను. అప్పటికి నాకు దాచడానికి ఏమీ లేదు కాబట్టి ఆ నవ్వు ఉదారమైన నవ్వు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు. లినక్స్‌లో ఒక చిన్న ఫైలుంటుంది. 'ఏ పేరుకు ఏ నంబరో ఎవరిని అడగాలి' అన్నది అందులో ఒక్క వరసలో రాసి ఉంటుంది. మొదటి నెలలో నా లాప్‌టాపు ఆపి మళ్ళీ పెట్టినప్పుడల్లా ఆ వరస మాయమైపోయి ఏ సైటూ తెరుచుకునేది కాదు. ఎవరినైనా అడిగితే పోయేది. కానీ లినక్స్ వాడేవాడు మనిషిని అడగడు, ఫోరంలో వెతుకుతాడు. అక్కడ ఎవరో మహానుభావుడు ఒక చిట్కా రాశాడు. ఆ ఫైల్లో చిరునామా చేత్తో రాసేసి, ఎవరూ మార్చకుండా ఫైలుకు తాళం వేసేయమని. అలా వేసే తాళాన్ని కంప్యూటరుకు యజమానైన నేను కూడా ముందు విప్పకుండా ఒక్క అక్షరం మార్చలేను. నాకు తెగ నచ్చింది. చిన్నాయన డబ్బా చిరునామా రాశాను, తాళం వేశాను, ఛాతీ విరుచుకున్నాను, మరిచిపోయాను. ఆ చివరిది అన్నిటికంటే బాగా చేశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక సోమవారం ఆఫీసులో మా ఆరుగురినీ చిన్న గదిలోకి పిలిచి, ప్రాజెక్టు ఆగిపోయిందనీ, మా ప్రతిభ మీద తమకు అపారమైన గౌరవం ఉందనీ, రేపట్నుంచి రానక్కర్లేదనీ చెప్పారు. గౌరవం అపారంగా ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుందని నాకు అప్పుడే తెలిసింది. బస్సెక్కి ఇంటికి వస్తుంటే కళ్ళముందు తిరిగింది ఉద్యోగం కాదు, హిందూపురంలో మా మేనమామ అంగడి. మోటార్లు, పైపులు, వాల్వులు అమ్మే అంగడి. గల్లా పెట్టె పక్కన ఒక ఇనుప కుర్చీ ఉంటుంది. నా చదువు పూర్తయినప్పట్నుంచీ మామ ఆ కుర్చీ చూపించి "ఇది నీకే రా" అంటూనే ఉన్నాడు. ఉద్యోగం పోయిందని అమ్మకు తెలిస్తే నేను ఆ వారాంతానికే ఆ కుర్చీలో ఉంటాను. అమ్మకు తెలియకూడదంటే చిన్నమ్మకు తెలియకూడదు. చిన్నమ్మకు తెలియకూడదంటే రిజిస్టరులోకి ఎక్కకూడదు. గేటు తీస్తూనే చెప్పేశాను.

"చిన్నమ్మా, రేపట్నుంచి ఆఫీసు పని ఇంట్లోనే చేసుకోమన్నారు."

"మంచిదే పో నాయనా, బస్సుల్లో ఇరుక్కుని పొయ్యేది తప్పె. ఇంక పొద్దున తిండి వేడివేడిగా తింటువు," అంది ఆమె. ఆ మంచితనం చూసి నాకు మొహం దాచుకోవాలనిపించింది.

ఆ సాయంత్రమే వీపీఎన్ కొన్నాను. వీపీఎన్ అంటే, మన కంప్యూటరు నుంచి బయలుదేరేదంతా ఒక సొరంగంలోంచి పోయి ఏదో పరాయి దేశంలో పైకి తేలుతుంది. మధ్యలో చూసేవాడికి సొరంగం తప్ప ఇంకేమీ కనపడదు. మొదటిసారి కనెక్ట్ చేసినప్పుడు నల్లటి తెర మీద వరసలు చకచకా పరిగెత్తాయి. మధ్యలో పచ్చటి అక్షరాల్లో ఒక వరస, ఫలానా ఫైలు మార్చడానికి వీల్లేకపోయిందని. ఆ తరవాత రోజూ అదే వరస వచ్చేది. పెళ్ళికార్డు అడుగున బంధుమిత్రుల పేర్లు చదవకుండా వదిలేసినట్టు నేను రోజూ దాన్ని వదిలేసేవాణ్ణి. అడుగున 'కనెక్ట్ అయింది' అని ఉంది కదా, అది చాలు. మనం ఎక్కడున్నామో చూపించే సైటు ఒకటి తెరిచాను. నేను నెదర్లాండ్స్‌లో ఉన్నానని వచ్చింది. గది బయటికొచ్చి ట్యాంకు పక్కన నిలబడి చందాపుర మొత్తాన్ని ఒకసారి చూశాను. కింద చిన్నాయన స్కూటరు తుడుచుకుంటున్నాడు. పాపం, ఈ మనిషికి నేను నెదర్లాండ్స్‌లో ఉన్నానని తెలియదు కదా అనుకున్నాను.

జరిగిందేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. వీపీఎన్ వచ్చి, ఇకమీదట పేర్లు నన్నడుగు అని ఆ ఫైల్లో తన చిరునామా రాయబోయింది. నేను వేసిన తాళం దాన్ని రాయనివ్వలేదు. ఇంకేముంది, నేను నాలుగువైపులా తెరలు దించిన ఆటోలో కూర్చుని రహస్యంగా బయలుదేరేవాణ్ణి. కానీ బయలుదేరేముందు, ఎక్కడికి వెళుతున్నానో చెప్పి దారి మాత్రం గేటు దగ్గర చిన్నాయననే అడిగేవాణ్ణి. నా ప్రయాణం నెదర్లాండ్స్ మీదుగా, నా విచారణ చందాపురలో. రెండు నెలలపాటు నేను తెరిచిన ప్రతి సైటు పేరూ 'పైరూము' కింద ఆ డబ్బాలో పడుతూనే ఉంది.

ఇది చాలక ఆయనకు పాఠం కూడా చెప్పాను. ఒకరోజు ట్యాంకు కడగడానికి పైకి వస్తే, ఆపి మరీ వీపీఎన్ గొప్పతనం వివరించాను. "ఆఫీసు వాళ్ళ రూలు చిన్నాయనా. ఇకమీదట మీ డబ్బాలో నా పేర్లేవీ పడవు, ఏమనుకోవద్దు," అన్నాను. ఆయన చీపురు పక్కన పెట్టి మొత్తం శ్రద్ధగా విన్నాడు.

"అట్లయితే నువ్విప్పుడు యాడుండావప్పా?"

"నెదర్లాండ్స్‌లో."

"ఓహో. దూరమే." చేతులు కడుక్కుని రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఊటాకు వస్తావా, ఆడనే తినేస్తావా?"

ఆ రోజు నుంచి అదొక ఆట అయింది ఆయనకు. పొద్దున ఎదురుపడితే "ఏమప్పా, మీ దేశంలో వానలు ఎట్లుండాయి?" అనేవాడు. నేను కూడా నవ్వి "ఫరవాలేదు చిన్నాయనా" అనేవాణ్ణి, పెద్దాయనకు సాంకేతిక విషయాలు అర్థం కాక హాస్యమాడుతున్నాడని.

ఇక ఉద్యోగాల వేట మొదలైంది. ఉద్యోగాల సైట్లు, అప్లికేషన్లు ఎలా రాయాలో చెప్పే సైట్లు, ఇంటర్వ్యూ ప్రశ్నల సైట్లు. మూడు వారాలకు ఒక్క జవాబూ రాకపోయేసరికి దువ్వెనలో జుట్టు కుచ్చులుగా రావడం మొదలైంది. జుట్టు రాలడం గురించే ఉన్న ఒక సైటును (దాని పేరులోనే జుట్టు ఉంది) ఒకరోజంతా చదివాను. మర్నాడు పొద్దున చిన్నాయన ఒక సీసా పట్టుకుని పైకొచ్చాడు.

"మీ చిన్నమ్మ కరివేపాకు వేసి కాచిన నూనె. స్వల్ప పూసుకో. వయసులో ఊడేది ఉండేదే, దిగులు పడాకు."

ఆయన చూపు ఎంత నిశితమో అనుకున్నాను. ఆ తరవాతి వారం టై కట్టుకోవడం నేర్పే సైటు చూశాను. మర్నాడు భోజనం దగ్గర చిన్నాయన తన రిటైర్‌మెంటు రోజు టై గురించి కథ ఎత్తుకుని, మాటల్లో మాటగా నా మెడకు కట్టి చూపించి, ముడి ఎలా వేయాలో మూడుసార్లు చేయించాడు. భయానికి కడుపులో గ్యాసు పట్టి దాని గురించి చదివితే, మర్నాటికి జీలకర్ర నీళ్ళు వచ్చాయి. మనసులో అనుకున్నది ముందే కనిపెట్టేస్తున్నాడు, ఈయన మామూలు మనిషి కాదు, ఏదో సాధన ఉంది అనుకున్నాను. సైన్సు చదివినవాణ్ణి అయుండీ, ఆయనకు దివ్యదృష్టి ఉందని నమ్మడానికి సిద్ధపడ్డాను గానీ, నా ఫైల్లో తాళం ఉందని మాత్రం నాకు తట్టలేదు.

నా భయం మాత్రం తగ్గలేదు. చిన్నమ్మ అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే మెట్ల మీద చెవి పెట్టుకుని నిలబడేవాణ్ణి. "వానికి పని శానా ఉండాదక్కా. మీ మరిది దినామూ చదువుతా ఉండాడు కదా, పొద్దంతా ఆఫీసే, ఆఫీసే. తలకాయ ఎత్తడు," అనేది చిన్నమ్మ. వింటూ నిట్టూర్చేవాణ్ణి. 'చిన్నాయన చదువుతున్నాడు' అన్న మాట చెవిన పడిందే గానీ, నా పేర్లే పడని పట్టీలో ఆయన నా ఆఫీసును ఎలా చదువుతున్నాడన్న ఆలోచన రాలేదు. గండం గడిచిందన్న సంతోషంలో ఉన్నవాడు లెక్కలు సరిచూసుకోడు.

రెండో నెల చివర్లో సర్జాపుర రోడ్డులో ఉన్న ఒక కంపెనీ నుంచి పిలుపొచ్చింది. నెట్‌వర్కుల పని. ఫోనులో రెండు విడతలు అయ్యాయి (ట్యాంకును కౌగిలించుకుని మాట్లాడాను), మూడోది ఆఫీసుకే రమ్మన్నారు, సొంత లాప్‌టాపు తెచ్చుకోమన్నారు. ఇది కూడా పోతే ఇక నా దగ్గర అబద్ధాలు మిగల్లేదు, ఓపికా మిగల్లేదు, అమ్మకు చెప్పేసి బస్సెక్కడమే. ఆ రోజు పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని, టై జేబులో దాచుకుని, కిందికి దిగి, "ఆఫీసులో మీటింగు చిన్నమ్మా" అని చెప్పి బయటికొచ్చాను. సన్నగా జల్లు పడుతోంది. గేటు దగ్గర చిన్నాయన స్కూటరు స్టార్టు చేసి కూర్చుని ఉన్నాడు.

"ఎక్కప్పా. నాకూ ఆ పక్క పని ఉండాది."

"ఏ పక్క చిన్నాయనా?"

"నువ్వు పొయ్యే పక్కే."

నా పాత ఆఫీసుకైతే హైవే మీద ఎలక్ట్రానిక్ సిటీ వైపు పోవాలి. స్కూటరు మాత్రం దొమ్మసంద్ర రోడ్డులోకి తిరిగింది. నేను కంగారు పడలేదు, సంతోషపడ్డాను. ఈయన ఏదో సొంత పని మీద అటే వెళుతున్నాడు, మధ్యలో దిగిపోవచ్చు, ఎంత అదృష్టం అనుకున్నాను. చివరికి సరిగ్గా నేను వెళ్ళాల్సిన బిల్డింగుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర ఆపి, "ఈడ టీ బాగుంటాది. నేను ఈడనే ఉంటా, నువ్వు పొయ్యిరాపో," అన్నప్పుడు కూడా ఈయన టీ కోసం ఇంత దూరం వస్తాడా అని ఆశ్చర్యపోయానంటే, నా తెలివి ఏపాటిదో చూడండి.

ఇంటర్వ్యూ చేసింది ఒక మేడం. విజయవాడ వైపు మనిషని మాటలో తెలుస్తోంది. నా స్టిక్కర్లు చూసి నవ్వి, "లినక్స్ అన్నమాట. వీపీఎన్ కూడా వాడతారా? గుడ్. ఒకసారి మా గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయి ఏదైనా సైటు ఓపెన్ చేసి చూపించండి. మీరు చూసే సైట్ల పేర్లు బయటికి లీకవుతున్నాయో లేదో టెస్ట్ చేద్దాం," అంది. ఉత్సాహంగా కనెక్ట్ చేశాను. ఏ సైటూ తెరుచుకోలేదు. ఇంకోటి కొట్టాను, అదీ రాలేదు. వీపీఎన్ పెట్టాను, తీశాను, లాప్‌టాపు ఆపి మళ్ళీ పెట్టాను. ఎనిమిది నెలలు ఆఫీసులో వాళ్ళ కంప్యూటరు మీద పనిచేసి, రెండు నెలలు గది దాటకపోవడం వల్ల, తాళం వేశాక నా లాప్‌టాపు చందాపుర గేటు దాటడం అదే మొదటిసారి. గదిలో ఏసీ గుర్రుమంటోంది.

"రిలాక్స్ అండీ. పేర్లు ఎవర్ని అడుగుతోందో ఆ ఫైలు చూపించండి," అంది మేడం.

చూపించాను. ఒక్కటే వరస.

"ఇది ఇక్కడి అడ్రస్ కాదే. ఎవరిది ఇది?"

ఆ అంకెలు ఒకటికి రెండుసార్లు చదివాను. "మా ఓనరుది," అన్నాను.

"అంటే వీపీఎన్ ఆన్‌లో ఉన్నా, మీరు ఓపెన్ చేసిన ప్రతి సైటు పేరూ ఆయనకి వెళ్తోందన్నమాట. ఎన్నాళ్ళ నుంచి?"

నూనె సీసా, టై ముడి, జీలకర్ర నీళ్ళు, దొమ్మసంద్ర రోడ్డు, ఎదురుగా టీ కొట్టు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మామ అంగట్లో ఇనుప కుర్చీ చప్పుడు కూడా వినపడింది. ఎలాగూ పోయింది కదా అనే తెగింపో, రెండు నెలలుగా ఒక్కరికీ నిజం చెప్పని బరువో, ఆమెకు మొత్తం చెప్పేశాను. తాళం చిట్కా దగ్గర్నుంచి, ఉద్యోగం పోవడం, చిన్నమ్మకు చెప్పిన అబద్ధం, ట్యాంకు దగ్గర చిన్నాయనకు చెప్పిన పాఠం, రోజూ చదవకుండా వదిలేసిన పచ్చటి వరస దాకా. మేడం మొదట పెదవి బిగబట్టుకుంది, తరవాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"ఇప్పుడు దీన్ని ఫిక్స్ చేయండి. చేస్తూ నాకు ఎక్స్‌ప్లెయిన్ చేయండి," అంది. తాళం విప్పాను. వీపీఎన్ దాని చిరునామా అది రాసుకుంది. లీకు పరీక్ష సైటు తెరిచి చూపించాను, ఎక్కడా చందాపుర లేదు. నా ప్రతిభ మీద గౌరవం గురించి ఆమె ఏమీ మాట్లాడలేదు. "తప్పు ఎక్కడ జరిగిందో ఇంత క్లియర్‌గా చెప్పేవాళ్ళు దొరకడం కష్టం. మండే వచ్చేయండి," అంది.

రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి జల్లు తగ్గింది. చిన్నాయన స్కూటరు సీటు రుమాలుతో తుడుస్తున్నాడు.

"వచ్చింది చిన్నాయనా," అన్నాను.

"వస్తాది లే. రాకేమి," అన్నాడు, నా చేతికి టీ గ్లాసు ఇస్తూ.

"మీకు మొదట్నుంచీ తెలుసా?"

"ఏం తెలుస్తాదప్పా? పేర్లు పడతాయి, అంతే. లోపల నువ్వేం చదివితివో పడదు కదా. ఉద్యోగాల పేర్లు దినానికి నలభై పడతా ఉంటే, ఉద్యోగం ఉండేవాడు ఎందుకు పోతాడు అనుకుంటి. ఈ కంపెనీ పేరు నిన్న ఒక్కదినమే ఇరవైసార్లు పడె. నేనూ తెరిచి చూస్తి. అడ్రసు కింద రాసుండాది. చొక్కా ఇస్త్రీ చేస్తాంటివి. రెండు బస్సులు మారల్ల, వానొకటి. అందుకే బండి తీస్తి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నెదర్లాండులో ఉండేవానికి ఎట్ల చెప్పేది?"

నవ్వబోయి నవ్వలేకపోయాను. అసలు ప్రశ్న ఇంకా అడగనేలేదు. "చిన్నమ్మకు రోజూ చదివి వినిపిస్తారు కదా?"

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. మొదటిసారి ఆ ముఖంలో వేళాకోళం పోయి కొంచెం సిగ్గు కనపడింది. "ముప్ఫై ఏండ్లు రిజిస్టరు రాసినానప్పా. ఒక్క దినమూ తప్పు రాయలే. నీ పేర్లు కూడా ఉండేది ఉన్నట్టే రాసిపెట్టినా. చదివేటప్పుడు మాత్రం, పైరూము కాడికొస్తే, 'ఆఫీసు' అని చదువుతా ఉంటి. నలభై ఉంటే నలభైసార్లూ 'ఆఫీసు, ఆఫీసు' అని. మీ చిన్నమ్మ ఒకదినం, 'ఏమిదీ, ఆ బిడ్డను ఇట్ల సంపుతా ఉండారు' అని కండ్లనీళ్ళు పెట్టుకునె."

నా కళ్ళలోనూ తిరిగాయి. వాన నీళ్ళేనని సర్దిచెప్పుకోవడానికి వీల్లేకుండా అప్పటికే ఎండ కాస్తోంది. రెండు నెలలు నేను దాక్కున్నది సొరంగంలో కాదు, ఈ మనిషి మాట వెనకాల. ముప్ఫై ఏళ్ళు నిజం తప్ప ఇంకోటి రాయని మనిషి నా కోసం రోజూ పొద్దున కాఫీ ముందు కూర్చుని పైకి అబద్ధం చదివాడు.

ఆ సాయంత్రం అమ్మకు నేనే ఫోను చేసి అంతా చెప్పాను. తిట్లు పూర్తయ్యాక, "ఇంతకూ దేనికి భయపడితివిరా? మామ ఆ కుర్చీ పోయిన్నెలే వేరే వాళ్ళకి ఇచ్చేసినాడు, నువ్వు అంగడికి పనికిరావని," అంది. ఆ మాటకు మాత్రం నాకు చిన్న అవమానం కలిగింది.

కొత్త ఉద్యోగంలో చేరాక నా లాప్‌టాపు మచ్చలేనిదయింది. తాళం లేదు, లీకు లేదు, చిన్నాయన పట్టీలో పైరూము కింద పేర్లు పడటం మానేశాయి. అదే చేయాల్సిన పని, అదే చేశాను. నాలుగో రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే చిన్నాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. రిజిస్టరు చంకలో ఉంది.

"ఒంట్లో బాగుండాదా అప్పా? నాలుగు దినాలాయె, నీ జాడే పడలే."

"బాగున్నాను చిన్నాయనా. లీకు సరిచేశాను కదా."

"ఔనౌను. మంచిదే. అట్లనే ఉండల్ల," అన్నాడు గబగబా. రిజిస్టరు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం నాకు నచ్చలేదు. ఆ రోజంతా ఆఫీసులో అదే గుర్తొచ్చింది. మర్నాడు నిద్ర లేవగానే, వీపీఎన్ పెట్టకముందే, హిందూపురంలో వాన పడుతుందా లేదా చెప్పే సైటు ఒకటి తెరిచి మూసేశాను. ఒక్కటే పేరు, ఒక్కసారి. ఆ మర్నాడు పొద్దున నేను ముఖం కడుక్కుంటుండగా కింద నుంచి ఆయన గొంతు పైకి వినపడింది. "పైరూము, వాన సంగతి చూసినాడు," అని ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాడు. "ఊళ్ళో వాన ఉండాదంటనా?" అని చిన్నమ్మ అడుగుతోంది. ఆ ఇంట్లో ఉన్న మరో మూడేళ్ళూ రోజూ పొద్దున ఒక పేరు అలా వదిలి వెళ్ళాను. ఆయన ఎప్పుడూ ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నాకు సొంత ఫ్లాటుంది, తలుపుకు అంకెల తాళం ఉంది, ఇలాంటి లీకులు కనిపెట్టి మూయడమే నా బతుకుతెరువు. ఇంట్లోనూ అలవాటు కొద్దీ అప్పుడప్పుడూ పరీక్ష పెట్టుకుంటాను. ఏమీ కారడం లేదని వస్తుంది. నేను ఏ రోజు ఏం వెతికానో, దేనికి దిగులు పడ్డానో, ఎక్కడికి పోవాలని చొక్కా ఇస్త్రీ చేసుకున్నానో భూమ్మీద ఒక్కరికీ తెలియదు. మొహం నిండా సరిగ్గా మొలవని గడ్డంతో ట్యాంకు పక్కన నిలబడి చందాపురను జాలిగా చూసిన ఆ కుర్రాడు కోరుకున్నది సరిగ్గా ఇదే. నన్నిప్పుడు చూస్తే వాడు పొంగిపోతాడు. నాకు మాత్రం వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కొంచెం అసూయ కూడా వేస్తుంది. నాలుగు రోజులు వాడి జాడ లేకపోతే బాగున్నావా అని అడగడానికి ఒక మనిషి మెట్ల దగ్గర నిలబడేవాడు.